ముందు ఆ ఆటో తీసెయ్‌రా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి, 5.4 గిగాహెర్ట్జ్‌కి లాగావట, వోల్టేజ్ ఎంతన్నది మదర్‌బోర్డు ఇష్టానికి, ఆటోలోనే వదిలేశావట, రెండు గంటలు గేమ్ ఆడినా ఏమీ కాలేదట. మీసం మెలేసి మరీ రాశావు. చివర్న మాత్రం, ఏదో పనికిరాని సంగతిలా, "టెంపరేచర్ 98 చూపిస్తోంది, పర్లేదు కదా?" అన్నావు. ముందు లేచి బయాస్‌లోకి (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగుల పేజీ) వెళ్లి అన్నీ డిఫాల్ట్‌కి పెట్టేసి రా. మిగతాది ఆ తర్వాత చదువు.

వచ్చావా? టెన్షన్ పడకు, చిప్ కాలిపోయి ఉండదు. నీలాంటి ఇంటెల్ చిప్‌కి మామూలుగా 100 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరితే అదే వేగం తగ్గించుకుంటుంది. కానీ గేమ్‌కే 98 అంటే, వీడియో రెండరింగ్ లాంటి బరువైన పని ఇచ్చినప్పుడు నీ 5.4 కాగితం మీదే ఉంటుంది.

అసలు దొంగ ఆ ఆటో. వేగం పెంచితే వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజ్ పెంచితే మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 నుంచి 1.35 వోల్టులకు పెంచావనుకో, పెరిగింది ఎనిమిదో వంతే. వేడి మాత్రం దాదాపు 27 శాతం ఎక్కువ, అదీ వేగం ఒక్క మెగాహెర్ట్జ్ కూడా పెంచకుండానే! ఇక ఆటోలో వదిలేస్తే మదర్‌బోర్డు ధారాళంగా పోస్తుంది. స్క్రీన్ నల్లబడి మనం తిట్టుకోకూడదనేదే దాని లెక్క. చిప్ ఎన్నేళ్లు బతకాలన్నది దానికి పట్టదు. 2023లో ఏఎండీవాళ్ల రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయిన గొడవ గుర్తుందా? మెమరీకి ఎక్స్‌పో (మెమరీ వేగం పెంచే రెడీమేడ్ సెట్టింగ్) ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ని, అంటే చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేదాన్ని, మరీ పైకి తోసేశాయి. తర్వాత ఏఎండీ 1.3 దగ్గర గీత గీసి కొత్త బయాస్‌లు ఇప్పించింది. మీవాళ్లేం తక్కువ తినలేదులే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఏ ఓవర్‌క్లాకూ లేకుండానే ఎక్కువ వోల్టేజ్‌కి దెబ్బతిన్నాయి. 2024లో మైక్రోకోడ్ (చిప్ లోపల నడిచే సూచనలు) మార్చాల్సి వచ్చింది. నీది ఆ తరాల్లోదైతే, కొత్త బయాస్ వేసేదాకా వేరే ఏదీ ముట్టుకోకు.

ఆ తర్వాత చేతులు దురద పెడితే ఇలా చెయ్. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌ని కదపకు. దాన్ని ఎన్ని రెట్లు చెయ్యాలో చెప్పే మల్టిప్లయర్‌ని ఒక్కటి పెంచు, అంటే 100 మెగాహెర్ట్జ్. వోల్టేజ్ నువ్వే ఒక అంకె ఇచ్చి కట్టెయ్. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్‌ని (పని బరువెక్కినప్పుడు వోల్టేజ్ జారకుండా చూసే సెట్టింగ్) మధ్యలో ఎక్కడో ఉంచు, చివరిదాకా తోయకు. ప్రాసెసర్‌కి బరువు పెట్టే సినీబెంచ్ నడిపి, పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి టెంపరేచర్ చూడు. 85 దాటుతుంటే నేనైతే అక్కడ ఆగిపోతాను. బాగుంటే ఓసీసీటీ అనే స్థిరత్వ పరీక్ష ఒక గంట. అదీ దాటితే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ (హార్డ్‌వేర్ తప్పులు) ఎర్రర్లు ఉన్నాయేమో వెతుకు. ఇది మాత్రం మర్చిపోకు. చిప్ తడబడి తనే సర్దుకున్న తప్పులు అక్కడ పడుతుంటాయి. పైకి ఏమీ తెలియదు, గేమ్ హాయిగా నడుస్తూనే ఉంటుంది.

అయినా ఇంత చేస్తే వచ్చేదెంత? 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చిప్ వచ్చింది. దాని బస్ (చిప్‌ని మదర్‌బోర్డుతో కలిపే దారి) వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450 అయ్యేది. ఇప్పుడు ఆ పిండుడంతా కంపెనీవాళ్లే టర్బో పేరుతో పిండేసి మనకి పిప్పి మిగిల్చారు. అందుకే నా ధ్యాసంతా మెమరీ మీదికి మళ్లింది. దెబ్బ తిన్నదీ అక్కడే.

నా ర్యామ్ స్టిక్కులు డీడీఆర్4 రకం, వేగం 3600, సీఎల్ 16, అంటే అడిగిన డేటా ఇవ్వడానికి 16 సైకిళ్లు పడుతుంది. ఒక ఆదివారం బుద్ధి గడ్డి తిని 4000కి పెట్టాను. 16తో ఎక్కకపోతే సీఎల్ 19కి వదులు చేశాను. విండోస్ వచ్చింది, గేములు నడిచాయి, ఒక్క బ్లూ స్క్రీన్ లేదు. మూడు వారాలు మొనగాణ్ణనుకుంటూ తిరిగాను. ఓ రోజు పెద్ద జిప్ ఫైల్ ఒకటి విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్, అంటే లోపలి డేటా చెడిందని. డౌన్‌లోడ్ తేడా అనుకుని మళ్లీ దించాను. ఈసారి లోపల ఇంకో ఫైల్ దగ్గర ఎర్రర్. అప్పుడు గుండె జారింది. పాత ఫొటోలన్నీ కొత్త డిస్క్‌లోకి మార్చింది సరిగ్గా ఆ మూడు వారాల్లోనే. ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయాను. నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న ఫొటో ఉంది చూడు, అందులో ముఖం దాకా బాగానే ఉంది. భుజాల దగ్గర్నుంచి బొమ్మంతా పక్కకి జరిగిపోయి, ఆకుపచ్చ రంగు పులిమినట్టు తయారైంది.

కాపీ చేసేటప్పుడు ప్రతి బైటూ ర్యామ్ మీదుగానే పోతుంది కదా. అక్కడ ఒక్క సున్నా ఒకటైపోతే డిస్క్‌కేం తెలుస్తుంది? తప్పునే పదిలంగా రాసి దాచిపెడుతుంది. జేపెగ్‌లో ఒక బిట్ చెడితే చాలు, అక్కడి నుంచి కిందంతా చెడిపోవచ్చు. పాత డిస్క్ ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాను.

ఇంతా చేసి ఆ రాత్రి లెక్క వేస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సైకిల్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 3600 అంటే అసలు క్లాక్ 1800, దాని మీద 16 సైకిళ్లంటే 8.9 నానోసెకన్లు. 4000 అంటే 2000 క్లాక్, దాని మీద 19 అంటే 9.5. పైగా నా రైజెన్ 5600లో ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్ లోపలి భాగాల్ని కలిపే దారి) 2000 దాకా రాలేక మెమరీతో జత విడిపోయింది. అంటే ఫొటోలు పాడు చేసుకుని మరీ ర్యామ్‌ని నిదానం చేసుకున్నానన్నమాట.

కాబట్టి నీ స్టిక్కులకి ఎక్స్ఎంపీ (ఎక్స్‌పో లాంటిదే, ఇంటెల్ వాళ్లది) ఆన్ చేసి ఊరుకో. అదీ ఓవర్‌క్లాకే సుమా. డీడీఆర్4కి ప్రామాణికం 1.2 వోల్టులైతే ఎక్స్ఎంపీ మామూలుగా 1.35 అడుగుతుంది. నీది డీడీఆర్5 అయితే మొదటిసారి ట్రైనింగ్‌కి, అంటే బోర్డు మెమరీతో సెట్టింగులు సర్దుకోవడానికి, కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది, కంగారుపడి పవర్ తీసెయ్యకు. ఎంతసేపటికీ రాకపోతే వైరు పీకేసి, బోర్డు మీదున్న గుండ్రటి బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టు. సెట్టింగులన్నీ పోయి మొదటికొస్తుంది. అందుకే ఇవాళే బయాస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో.

ఇక ప్రాసెసర్‌నీ మెమరీనీ ఒకేసారి కదిపావో, తప్పు ఎవరిదో ఆ దేవుడు కూడా చెప్పలేడు. ఈ రాత్రికి ఏదీ పెంచకుండా, డిఫాల్ట్‌లోనే, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు పాస్‌లు తిరగనివ్వు. ఒక్క ఎర్రర్ వచ్చినా చాలామటుకు స్టిక్కే లోపం, వారంటీకి పంపడమే. ఏమీ రాకపోతే రేపు ఎక్స్ఎంపీతో మళ్లీ అదే టెస్ట్. రెండింటి ఫలితాలూ రాయి, మల్టిప్లయర్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.

నీ
మురళి