నా వడ్లు కాపాడిన మా సంఘానికి, మా ఊరికి వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. కాలి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. లేచి కూర్చోగలుగుతున్నాను కాబట్టి మొదట ఈ మాటలే రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాల్వ కింద పల్లె. యాసంగి వడ్లు కోసి ఐకేపీ సెంటర్‌లో, అంటే వడ్లు కొనే సెంటర్‌లో పోశాను. 180 బస్తాల దాకా ఉంటాయి. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా వేసి తూకం చేస్తారు, అందుకని ఆరబెట్టుకుంటూ మా సీరియల్ నంబరు వంతు కోసం చూస్తున్నాం. అప్పుడే బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. నల్లగొండలో రాడ్ వేశారు. ఆసుపత్రిలో రెండో రాత్రి, ఊళ్ళో ఉరుములు మొదలయ్యాయని ఫోన్ వచ్చింది.

చేసింది మా సంఘం యూత్ పిల్లవాడు. "పెద్దనాయినా, మేం సెంటర్ కాడికి పోతున్నం, వడ్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతం" అన్నాడు. నేను వద్దన్నాను. పొద్దున కూలి మనుషుల్ని మాట్లాడుకుంటానని చెప్పాను. రాత్రి పది గంటలకు, మెరుపులు మెరుస్తుంటే, మంచం మీద నుంచి కదలలేని నేను అన్న మాట అది. నా భార్య ఫోన్ లాక్కుని, "ఆయన మాటలు పట్టించుకోకుండ్రి బిడ్డా, జెల్ది పోండ్రి" అంది.

ఎందుకు వద్దన్నానో నాకు తెలుసు. వాళ్ళతో పాటు ట్రాక్టర్ తమ్ముడు కూడా వస్తాడని తెలుసు.

మొన్నటి క్రిస్మస్‌కు ముందు మందిరం ప్రహరీ గోడ లెక్కలు చూస్తున్నప్పుడు, చందా ఇచ్చినవాళ్ళ పేర్లతో రాయి వేయిద్దామని, అందులో మా నాన్న పేరు మొదట ఉండాలని నేను పట్టుబట్టాను. "దేవుని గోడకు మన పేర్లెందుకన్నా" అని ఆ తమ్ముడు అడిగాడు. "చందా రాయనోనికి మాట్లాడే హక్కు లేదు" అన్నాను, అందరి ముందు. గోడకు కావలసిన రాయి అంతా తన ట్రాక్టర్ మీద ఒక్క పైసా తీసుకోకుండా తోలింది అతనే. ఆ రోజు నుంచి అతను తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చుంటున్నాడు. నేను ఒక్కసారి కూడా పలకరించలేదు. అదే నోటితో ప్రతి ఆదివారం "ప్రభువా, నేను ధూళిని" అని ప్రార్థన చేశాను.

బైబిల్లో పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం మీద నేనెన్నిసార్లు వాక్యం చెప్పానో మీకు తెలుసు. దేవుని స్వరూపం గల యేసు తనను తాను రిక్తునిగా చేసుకుని, దాసుని రూపం ధరించి, సిలువ మరణం దాకా తగ్గించుకున్నాడని గొంతెత్తి చెప్పేవాణ్ణి. ఆసుపత్రిలో నాలుగు అధ్యాయాలూ ఒక్క బిగిన చదివితే గానీ ఒక సంగతి నా తలకెక్కలేదు. అది సాయం అందుకున్న మనిషి రాసిన ఉత్తరం. పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు అనే తమ మనిషి చేతికిచ్చి సాయం పంపింది. మాసిదోనియ సంఘాలు నిరుపేదవని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలే చెప్పాడు, ఫిలిప్పీ ఆ మాసిదోనియలోదే. పౌలుది యూదుల్లో బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుడు, ఆ విషయంలో నిందలేనివాడు. అంతటివాడు పేదవాళ్ళు పంపింది తీసుకున్నాడు, తన గొప్పలన్నీ పెంట అని రాశాడు. నేను ఒక పట్టా కప్పించుకోవడానికి ఒప్పుకోలేకపోయాను.

అదే పత్రిక చివర యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీల పేర్లున్నాయి. ఒక్క మనసుతో ఉండండని పౌలు ఇద్దరినీ పేరుపేరునా బతిమాలుకున్నాడు. సువార్త పనిలో తనతో కష్టపడ్డవాళ్ళే వాళ్ళు. యేసు తగ్గించుకున్న సంగతి ఇలా ఒకరితో ఒకరికి మాటల్లేని వాళ్ళ కోసం కూడా రాశాడని, ఈ ఇద్దరి పేర్ల దగ్గర ఆగినప్పుడు నాకు అనిపించింది. చాలాసేపు ఏడ్చాను.

ఆ రాత్రి వాన గట్టిగానే కొట్టింది. యూత్ పిల్లలు ఎనిమిది మంది రాశి మీద పట్టాలు కప్పి, చుట్టూ కాల్వ తీసి నీళ్ళు మళ్ళించారు. తెల్లవారి ఎండ రాగానే మందిరం ఊడ్చే అక్క, ఇంకో నలుగురు తల్లులు మూడు రోజులు వడ్లు తిరగేశారు. మా గల్లీ చాచా తన దుకాణం మీది పట్టా విప్పి ఇచ్చాడు. సెంటర్ నడిపే మహిళా సంఘం అక్కలు మా సీరియల్ పోకుండా చూశారు, హమాలీలు చీకటి పడ్డాక కూడా బస్తాలు ఎత్తారు. ట్రాక్టర్ తమ్ముడు ఆసుపత్రికి వచ్చి కాంటా చీటీ నా దిండు కింద పెట్టాడు. ఎంత ఇయ్యాలె తమ్మీ అంటే, "డీజిల్ పైసలు ఇయ్యన్నా, మిగతాది వద్దు" అన్నాడు. ఈసారి మారుమాట్లాడలేదు. మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

తమ్మీ, నిన్ను అన్నది అందరి ముందు కాబట్టి ఇక్కడ కూడా అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు. పేర్ల రాయి వద్దని పాస్టర్ అయ్యగారికి చెప్పాను. డాక్టర్ ఒప్పుకుంటే వచ్చే ఆదివారం వాకర్‌తో వస్తాను. కింద కూర్చోలేను, తలుపు దగ్గర నీ వరుసలో ఒక కుర్చీ వేయించు.

పట్టాలు ఒకరివి ఒకరికి కలిసిపోయాయి. నీలం రంగువి మూడు, చాచా నల్ల పట్టా మా వరండాలో ఆరేసి ఉన్నాయి. ఎవరివి వాళ్ళు వచ్చి చూసుకోండి, చాయ్ తాగి వెళ్ళండి.