పాత దీపస్తంభాలకు సిమెంటు పూయకండి

సంపాదకులకు నమస్కారం.

పర్యాటకుల కోసం తీర్చిదిద్దిన 75 లైట్‌హౌస్‌లను 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. పాత దీపస్తంభాలను వారసత్వ కట్టడాలుగా ప్రకటించే అధికారం 2021 నాటి చట్టంతో కేంద్రానికి వచ్చింది. ఎంతో సంతోషం. అయితే జనం చూడటానికి వస్తారనగానే మన దగ్గర మొదట జరిగేది సిమెంటు ప్లాస్టరింగు, దానిమీద మెరిసే రంగు. ఇటుక, సున్నంతో కట్టిన గోడకు అంతకు మించిన కీడు లేదు.

తడి పట్టిన ఇటుక ఏమవుతుందో అమెరికా మహాసరస్సుల ఒడ్డున చూడొచ్చు. మిషిగన్ సరస్సు మీది బిగ్ సేబుల్ పాయింట్ స్తంభం కట్టింది 1867లో. ఇటుక రాలిపోతుంటే 1900లో చుట్టూ ఉక్కు రేకులు తొడిగి, మధ్యలో కాంక్రీటు పోశారు. చికాగో పక్కన ఎవాన్‌స్టన్‌లో ఉన్న గ్రాస్ పాయింట్ స్తంభానికి 1914లో కాంక్రీటు తొడుగు వేశారు. స్తంభాలు నిలిచాయి గానీ వాటి ఇటుక పని మళ్లీ కంటికి కనబడలేదు. మనం పూసే అంగుళం ప్లాస్టరు అలాంటి కవచం కూడా కాదు. హ్యూరన్ సరస్సులోంచి సెయింట్ క్లెయిర్ నది బయల్దేరే చోట ఉన్న 1829 నాటి ఫోర్ట్ గ్రాషియట్ స్తంభాన్ని ఇటుకలు ఊడిపడుతుంటే 2008లో మూసేశారు. తిరిగి తెరిచింది 2012లో.

అక్కడ ఇటుకలో చేరిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మన తీరంలో ఆ పని ఉప్పు చేస్తుంది. గోడలోని తడి బయటికి ఆరిపోవాలి. సిమెంటు అడ్డుపడితే ఉప్పు దాని వెనకాలే పలుకులు కట్టి ఇటుకను పొడి చేస్తుంది. అలాంటి చోట తట్టి చూడండి, గుల్ల చప్పుడు వస్తుంది. ప్లాస్టరు ఊడితే ఇటుక పెచ్చు దానికి అంటుకునే వస్తుంది.

మరమ్మతు పైనుంచి మొదలుపెట్టాలి. దీపపు గది అద్దాల సందుల్లో నీరు కారుతుండగా కింద గోడకు ఎంత చేసినా దండగ. గాలి కన్నాలు మూయకూడదు, మూస్తే గోడలు లోపల చెమరుస్తాయి. ఇటుకల మధ్య సందు 10 మి.మీ. వెడల్పుంటే 20 నుంచి 25 మి.మీ. లోతు వరకు పాత సున్నాన్ని ఉలితో తీయాలి. గ్రైండరు పెడితే ఇటుక అంచులు పోతాయి. బాగా నానిన సున్నపు ముద్ద ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక మూడు పాళ్లు కలపాలి. సముద్రపు ఇసుక వద్దే వద్దు. గోడ తడిపి, 6 మి.మీ. పొరలుగా నింపాలి. బొటనవేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడ్డాకే పై పొర వేయాలి. తర్వాత వారంపాటు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. ఎండకు గబగబా ఆరిన సున్నం పొడిగా రాలుతుంది. అది చూసి సున్నానికి బలం లేదని మేస్త్రీలు సిమెంటు కలిపేస్తారు. అక్కడ లోపించింది తడి.

పాత లెన్సు పాదరసపు తొట్టెలో తేలుతూ తిరిగే రకమైతే, గదిలో పాదరసపు ఆవిరి ఎంత ఉందో కొలవకుండా జనాన్ని పైకి పంపకూడదు. పగలు లెన్సు చుట్టూ తెర దించి ఉంచాలి. దానిగుండా పడే ఎండకు మంటలు అంటుకోగలవు.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని లైట్‌హౌస్ వంటి పాత కట్టడాలకు టెండరు పిలిచేటప్పుడు సిమెంటు ప్లాస్టరింగు బదులు గానుగ సున్నంతో పాయింటింగు (ఇటుకల సందులు నింపడం), పైన సున్నపు వెల్ల అని రాయించాలని, పనికి ముందే పాత సున్నం ముక్కను పరీక్షకు పంపాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు ఇంజినీరు,
విశాఖపట్నం