ఎన్‌కౌంటర్ చెయ్యమని అడిగేవాళ్ళకి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఇద్దరు పాఠకులు రాసింది చదివాను. ఆడపిల్లల జోలికొచ్చినోళ్ళకి కోర్టులెందుకు లాయర్లెందుకు, దిశ కేసులో చేసినట్టు చేస్తే మళ్ళీ ఒక్కడు తోక జాడించడు అని ఒకరు, హక్కుల సంఘాలోళ్ళకి ఆడపిల్లలుంటే తెలుస్తుంది ఆ బాధ అని ఇంకొకరు. నాకు ఇద్దరు ఆడపిల్లలండీ, ఉండేది షాద్‌నగర్, చటాన్‌పల్లి మీదుగా రోజూ తిరిగేవాళ్ళమే, ఆ అర్హత చాలనుకుని రాస్తున్నా.

దిశ కేసంటే, 2019 నవంబర్‌లో ఒక వెటర్నరీ డాక్టరమ్మాయిని అత్యాచారం చేసి చంపారని పట్టుకున్న నలుగుర్నీ పోలీసులు చటాన్‌పల్లి బ్రిడ్జి దగ్గర కాల్చేసిన కేసు. ఆ కాల్పులు జరిగిన 2019 డిసెంబర్ 6న హైవే మీద జనం ఎలా విరగబడ్డారో అందరికీ గుర్తుంది, పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు, స్వీట్లు తినిపించారు. సరే. కానీ దానికి దాదాపు వారం ముందు ఇదే జనం స్టేషన్ ముందు కూర్చుని అరిచింది ఆ నలుగురి మీద మాత్రమే కాదు, పోలీసుల మీద కూడా. అమ్మాయి కనబడట్లేదని నవంబర్ 27 రాత్రి ఇంట్లోవాళ్ళు పరిగెత్తుకెళ్తే మా పరిధి కాదు ఆ స్టేషన్‌కి పొండి అన్నారని, ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందిలే అన్నట్టు మాట్లాడారని ఆ కుటుంబమే చెప్పింది. దాని మీద ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళని సస్పెండ్ కూడా చేశారు. వెంటనే కదిలుంటే ఆ పిల్ల బతికేదని నేననట్లేదు, అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రాత్రి స్టేషన్లో ఏం జరిగిందన్న ప్రశ్న ఆ పూల కింద పడి పోయింది, డిసెంబర్ 6 తర్వాత దాని గురించి అడిగినవాళ్ళు నాకైతే ఒక్కరూ కనబడలేదు.

ఇక కోర్టులకెళ్తే ఏళ్ళకేళ్ళు అంటారు కదా. దిశ ఘటనకి మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర ఊరూరా తిరిగి చిన్న సామాన్లు అమ్ముకునే ఒక పేదింటామెని ముగ్గురు కలిసి అత్యాచారం చేసి చంపేశారు. పోలీసులు సమత అని పేరు పెట్టిన కేసు. ఆమె కోసం టోల్‌గేట్ల దగ్గర కొవ్వొత్తులు వెలగలేదు, పూలు చల్లే బ్రిడ్జి కూడా లేదక్కడ. ఆదిలాబాద్‌లో స్పెషల్ కోర్టు పెట్టారు, డిసెంబర్‌లోనే చార్జిషీట్ వేశారు, సాక్షులు వచ్చారు, 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష వేశారు. తిప్పికొడితే 70 రోజులు కాలేదు! అంతకుముందు 2019లోనే హనుమకొండలో 9 నెలల పసిగుడ్డుని అత్యాచారం చేసి చంపిన కేసు, నేరం జూన్‌లో, ఉరిశిక్ష తీర్పు ఆగస్టు 8న. ఆ పసిగుడ్డు కేసులో తర్వాత హైకోర్టు ఉరిని యావజ్జీవం చేసింది, చూశారా అంటారేమో, చూశాను, వాడేమీ నిర్దోషిగా బయటికి రాలేదు కదా. అంటే స్పెషల్ కోర్టు పెట్టి, ప్రభుత్వ లాయర్ని పెట్టి, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు టైముకి తెప్పిస్తే మన దగ్గరే నెలల్లో అయిపోతుంది. మిగతా కేసుల్లో ఎందుకు కాదో అడగాల్సింది గవర్నమెంట్‌ని, తుపాకీని కాదు.

మరి తొమ్మిది రోజుల్లో తేల్చేశారన్న దిశ కేసు ఏమైంది? సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ వేసింది, ఆరు నెలల్లో అన్నది కాస్తా 2022 దాకా సాగింది. పోలీసులు చెప్పిన తుపాకులు లాక్కున్నారు, కాల్చారు అన్న కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని కమిషన్ తేల్చింది, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది, చచ్చిపోయిన వాళ్ళలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ రిపోర్టు హైకోర్టుకి వెళ్ళింది. ఇప్పుడు ఆ నలుగురే చేశారా, ఒకళ్ళు తక్కువా ఎక్కువా అన్నది సాక్ష్యాలతో రుజువయ్యే దారే మూసుకుపోయింది, ఆ అమ్మాయి తల్లిదండ్రుల చేతిలో ఒక తీర్పు కాగితం కూడా లేదు.

పట్టుకున్నోళ్ళంతా దోషులే అనుకునేవాళ్ళు విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు ఒకసారి గుర్తు చేసుకోండి. 2007లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు, 2008లో ఒక కుర్రాణ్ణి తెచ్చి వీడే అన్నారు, కింది కోర్టు శిక్ష కూడా వేసింది, ఎనిమిదేళ్ళకి పైగా జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది, పైగా లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఆ అమ్మాయి తల్లే మొదట్నుంచీ వీడు కాదు మొర్రో అంటూ వచ్చింది. వాణ్ణి 2008లోనే ఏ బ్రిడ్జి కిందికో తీసుకెళ్ళుంటే మనం అప్పుడూ పూలే చల్లేవాళ్ళం.

తోక జాడించరు అన్న పాఠకుడికి ఇంకో మాట. 2008 డిసెంబర్‌లో వరంగల్ యాసిడ్ దాడి కేసులో ముగ్గుర్ని ఇలాగే కాల్చారు, అప్పుడూ దండలే. ఆ భయం 2019కి ఎటు పోయింది మరి. 2021లో హైదరాబాద్ సైదాబాద్‌లో ఆరేళ్ళ పాపని అత్యాచారం చేసి చంపిన కేసులో అయితే ఒక మంత్రిగారే మైకుల ముందు ఎన్‌కౌంటర్ చేస్తాం అనేశారు, మంత్రే అలా అంటే ఇక ఎస్సై చట్టం పుస్తకం ఎందుకు తెరుస్తాడు చెప్పండి.

కోపం రావొద్దని ఎవరంటారు. నాకైతే ఆ కోపం స్టేషన్ గుమ్మం దగ్గర చూపించాలనిపిస్తుంది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 173 సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా కంప్లైంట్ తీసుకోవాల్సిందే (దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు), ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాల్సిందే. స్టేషన్లో సీసీ కెమెరాలుండాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. మొన్న మా బంధువులమ్మాయి ఫోన్ లాక్కెళ్ళారని ఒక స్టేషన్‌కి పోతే రైటర్ గారు తల కూడా ఎత్తకుండా ఎక్కడ లాక్కున్నారు, రోడ్డుకి ఇటా అటా, అటైతే అటు పొండి అన్నారు. సెక్షన్ నంబర్ చెప్తే అప్పుడు తలెత్తి కుర్చీ చూపించారు.

మీ పేపర్ వాళ్ళకి ఒక విన్నపం. ఎక్కడ ఎన్‌కౌంటర్ అయినా మొదటి పేజీలో అంతంత అక్షరాలతో వేస్తారు కదా, అలాగే జిల్లా ఎడిషన్లో నెలకోసారి ఏ స్టేషన్లో ఎన్ని జీరో ఎఫ్ఐఆర్‌లు రాశారో, ఎన్ని వెనక్కి పంపారని ఫిర్యాదులొచ్చాయో ఆర్టీఐ పెట్టి తెప్పించి వెయ్యండి. చిన్న బాక్స్ ఐటమ్ అయినా పర్లేదు.

ఇట్లు
ఒక పాఠకురాలు, షాద్‌నగర్