ఆ జాబితాలో జోష్న చినప్ప పేరు ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో భారత క్రీడాకారిణులపై వచ్చిన ప్రత్యేక కథనాన్ని శ్రద్ధగా చదివాను. కరణం మల్లీశ్వరి, మేరీకోమ్, సైనా, సింధు, మీరాబాయి చాను, ఇలా అందరికీ అందులో తగిన చోటు దక్కింది. విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు అది సంతోషం కలిగించింది. అయితే అంత పెద్ద కథనంలో స్క్వాష్ ఊసే లేకపోవడం, ఆ ఆటలో మన దేశానికి పేరు తెచ్చిన జోష్న చినప్ప పేరు ఒక్క వాక్యంలోనైనా కనిపించకపోవడం బాధ కలిగించింది. ఒలింపిక్ పతకాన్నే ప్రధాన ప్రమాణంగా పెట్టుకుంటే ఆమె పేరు జారిపోక తప్పదు. ఎందుకంటే ఆమె ఆడుతూ వచ్చిన ఇన్నేళ్లలో ఆమె ఆటకు ఒలింపిక్స్‌లో చోటే లేదు. క్రీడాకారిణి చేతిలో లేని ఒక విషయంతో ఆమె జీవితకాలపు శ్రమను కొలవడం న్యాయం కాదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

జోష్న 1986 సెప్టెంబరులో పుట్టారు, చెన్నైలో పెరిగారు. కుటుంబ మూలాలు కర్ణాటకలోని కొడగులో ఉన్నాయి. తండ్రి అంజన్ చినప్ప తమిళనాడు తరఫున స్క్వాష్ ఆడినవారు, కూతురికి తొలి పాఠాలు నేర్పింది కూడా ఆయనే. 2000లో, తొమ్మిదో తరగతి పిల్లల వయసులో, ఆమె సీనియర్ జాతీయ ఛాంపియన్ అయ్యారు. అల్వార్ రాజకుటుంబానికి చెందిన భువనేశ్వరి కుమారి 1977 నుంచి 1992 వరకు వరుసగా 16 సార్లు జాతీయ టైటిల్ గెలిచి నెలకొల్పిన రికార్డును ఇక ఎవరూ చేరుకోలేరనే చాలాకాలం అందరూ అనుకున్నారు. 2019లో పుణెలో 17వ టైటిల్‌తో జోష్న దాన్ని దాటారు, ఆ మరుసటి ఏడాది 18వది గెలిచారు. మొదటి టైటిల్‌కూ 18వ దానికీ మధ్య 20 ఏళ్ల దూరం ఉంది. శరీరాన్ని ఇంతగా అరగదీసే ఆటలో 20 ఏళ్లపాటు దేశంలో అగ్రస్థానంలో నిలవడం ఎంత కష్టమో, పిల్లలను మైదానంలో పరుగెత్తించి జీవితం గడిపినవాడిగా నేను ఊహించగలను.

ఆ ఆట ఎలాంటిదో మన పాఠకుల్లో చాలామంది చూసి ఉండరు. 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు ఉన్న నాలుగు గోడల గదిలో ఇద్దరు ఆటగాళ్లు ఒకే వైపు నిలబడి, రాకెట్లతో బంతిని ఎదుటి గోడకు కొడుతూ ఆడతారు. మధ్యలో వల ఉండదు. బంతి చిన్నది, నల్లటి రబ్బరుది, చల్లగా ఉన్నప్పుడు దాదాపు ఎగరదు. అందుకే ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ దాన్ని గోడకు కొట్టి కొట్టి వేడెక్కిస్తారు. ఎదుటి గోడ అడుగున రేకు పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని టిన్ అంటారు. బంతి దానికి తగిలితే ఠంగుమని మోగుతుంది, పాయింటు పోతుంది. కోర్టు మధ్యలో గీతలు కలిసే చోటును ‘టీ’ అంటారు. ఆటంతా ఆ చోటు కోసమే. ప్రత్యర్థిని అక్కడి నుంచి ఒక మూలకు లాగి, తాను అక్కడికి చేరాలి. ఒక్క పాయింటు కోసం ముప్పై, నలభై షాట్లు ఆడవలసి రావచ్చు. ప్రతి షాటుకూ మోకాలు వంచి ముందుకు దూకాలి, తిరిగి మధ్యకు రావాలి. స్క్వాష్ ఆడేవారికి మోకాలి గాయాలు ఎందుకు ఎక్కువో దీన్నిబట్టి అర్థమవుతుంది. జోష్నను కూడా మోకాలి గాయం నెలల తరబడి ఆటకు దూరం చేసింది.

ప్రొఫెషనల్ స్క్వాష్‌లో బతుకుతెరువు సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ప్రపంచ టూర్‌లో పెద్ద టోర్నీల్లో ఆడాలంటే ర్యాంకు కావాలి. ఆ ర్యాంకు కోసం చిన్న టోర్నీలకు దేశదేశాలు తిరగాలి. స్పాన్సర్ లేనివారు విమాన టికెట్టు, బస, కోచ్, ఫిజియో ఖర్చులన్నీ తామే భరించాలి. 2025 అక్టోబరులో యోకోహామాలో జరిగిన జపాన్ ఓపెన్‌ను జోష్న 39 ఏళ్ల వయసులో గెలిచారు. ఫైనల్లో ఈజిప్టుకు చెందిన హయా అలీని ఓడించారు. ఆ టోర్నీ మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. విజేతకు దక్కేది అందులో ఒక భాగం మాత్రమే. 2016లో ప్రపంచ పదో ర్యాంకుకు చేరిన క్రీడాకారిణి, ఆ తరువాత దాదాపు దశాబ్దానికి, ఇలాంటి టోర్నీకి వెళ్లి తనకన్నా ఎంతో చిన్నవారైన అమ్మాయిలతో తొలి రౌండు నుంచి ఆడి గెలవడం నా దృష్టిలో ఏ పతకానికీ తీసిపోదు.

పతకాల లెక్కే కావాలంటే వాటికీ కొదవ లేదు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో దీపిక పల్లికల్‌తో కలిసి ఆమె మహిళల డబుల్స్ స్వర్ణం గెలిచారు. కామన్వెల్త్ క్రీడల చరిత్రలో స్క్వాష్‌లో భారత్‌కు అదే తొలి పతకం. ఫైనల్లో ప్రత్యర్థులు ఇంగ్లండ్‌కు చెందిన జెన్నీ డన్‌కాఫ్, లారా మసారో. మసారో అప్పటి ప్రపంచ ఛాంపియన్. 2017లో చెన్నైలో, 2019లో కౌలాలంపూర్‌లో ఆసియా వ్యక్తిగత టైటిళ్లు ఆమెవే. 2018 జకార్తా ఆసియా క్రీడల టీమ్ సెమీఫైనల్లో, అంతకుముందు తొమ్మిదేళ్లకు పైగా ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న మలేషియా క్రీడాకారిణి నికోల్ డేవిడ్‌ను ఐదు గేముల పోరులో ఓడించారు. 2022లో మళ్లీ గ్లాస్గోలోనే, కవలలకు జన్మనిచ్చి ఆరు నెలలే అయిన దీపికతో కలిసి ప్రపంచ డబుల్స్ ఛాంపియన్ అయ్యారు. 2024లో పద్మశ్రీ వచ్చింది.

దీపిక పేరు వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో పురుషులకు ఇచ్చే ప్రైజ్ మనీ కన్నా మహిళలకు తక్కువ ఇస్తున్నారని ఆమె 2012 నుంచి 2015 వరకు ఆ పోటీలకే రాలేదు. ఇద్దరికీ సమానంగా ఇచ్చిన 2016లో తిరిగి వచ్చి టైటిల్ గెలిచారు. ఫైనల్లో ఓడింది జోష్నే. ప్రపంచ టాప్ టెన్‌లో చేరిన తొలి భారతీయురాలు సొంత దేశపు టైటిల్‌ను నాలుగేళ్లపాటు వదులుకుని సాధించిన సమానత్వం అది. ఆ విజయం గురించి మన పత్రికల్లో ఎంత తక్కువ వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

2025 డిసెంబరులో చెన్నైలో ప్రపంచ కప్ ఫైనల్ జరిగినప్పుడు నేను నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్లి చూశాను. ఒక షాపింగ్ మాల్ మధ్యలో అద్దాల కోర్టు అమర్చారు. హాంకాంగ్‌తో మొదటి మ్యాచ్ జోష్నదే, ప్రత్యర్థి లీ కా యీ ర్యాంకింగ్‌లో ఆమెకన్నా ఎంతో ముందున్న అమ్మాయి. పాయింటుకూ పాయింటుకూ మధ్య జోష్న పక్క గోడ దగ్గరికి వెళ్లి చెమట పట్టిన అరచేతిని అద్దానికి తుడుచుకోవడం, ఆ తడి ముద్ర కాసేపు అలాగే నిలిచి ఉండడం నేను కూర్చున్న చోటికి స్పష్టంగా కనిపించింది. రెండో గేము 2-7తో పోయింది. మూడో గేములో ఆమె ఆట తీరు మార్చారు. బంతిని ఎత్తుగా వెనక మూలలకు పంపుతూ, ప్రత్యర్థిని ‘టీ’ దగ్గరికి రానివ్వకుండా, అదను చూసి ముందు గోడ వారగా మెల్లగా జారవిడిచారు. నాలుగో గేము 7-1తో ముగిసింది. ఆ తరువాత అభయ్ సింగ్, 17 ఏళ్ల అనాహత్ సింగ్ గెలవడంతో భారత్ 3-0తో తొలిసారి ప్రపంచ కప్ అందుకుంది. అనాహత్ పుట్టేనాటికి జోష్న జాతీయ ఛాంపియన్ అయి ఎనిమిదేళ్లు. ఇద్దరూ ఒకే జట్టులో నిలబడి కప్పు ఎత్తిన ఆ విజయానికి మరుసటి రోజు నేను తిరగేసిన తెలుగు పత్రికల్లో దక్కింది లోపలి పేజీలో చిన్న వార్త.

స్క్వాష్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని ప్రపంచ స్క్వాష్ సమాఖ్య ఎన్నోసార్లు అడిగింది. 2012, 2016, 2020 క్రీడల కోసం చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. చివరికి 2023 అక్టోబరులో మన ముంబయిలోనే జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో స్క్వాష్‌ను చేర్చడానికి ఆమోదం తెలిపింది. అప్పటికి జోష్నకు 41 ఏళ్లు వస్తాయి. పురుషుల్లో మన మేటి స్క్వాష్ ఆటగాడు సౌరవ్ ఘోషల్ 2024లోనే ప్రొఫెషనల్ టూర్‌కు వీడ్కోలు పలికారు. ఒక తరం మొత్తం తన మంచి వయసంతా ఆ తలుపు బయటే గడిపింది. అలాంటివారిని ఒలింపిక్ పతకం లేదన్న కారణంతో పక్కన పెట్టడం వారికి రెండోసారి చేసే అన్యాయం అవుతుంది. చదరంగం ఒలింపిక్స్‌లో లేకపోయినా, కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచినప్పుడు మీరే ఆమెను సముచితంగా గౌరవించారు. అదే గౌరవం జోష్నకూ దక్కాలని కోరడం అత్యాశ కాదు.

చెన్నై నెహ్రూ పార్కులో స్క్వాష్ అకాడమీ ఉండబట్టే ఆ నగరం నుంచి ఇంతమంది వచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో స్క్వాష్ కోర్టులు ఎక్కువగా క్లబ్బుల్లో, ఖరీదైన గృహ సముదాయాల్లో ఉన్నాయి. సభ్యత్వం లేని ఇంటి పిల్లలకు అవి అందవు. బ్యాడ్మింటన్‌లో హైదరాబాద్ ఏం సాధించిందో లోకమంతా చూసింది, కోర్టులూ మంచి కోచ్‌లూ అందుబాటులోకి వచ్చాకే అది సాధ్యమైంది. జిల్లా క్రీడా ప్రాంగణాల్లో రెండేసి స్క్వాష్ కోర్టులైనా కట్టించి, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సాయంత్రం వేళ ఉచితంగా తెరిచి ఉంచాలని రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నాలుగు గోడలు, చెక్క నేల, వెలుతురు ఉంటే చాలు, పెద్ద స్థలం కూడా అక్కర్లేదు.

మీకు నా విన్నపం రెండు విషయాలు. ఆ ఆదివారం కథనానికి కొనసాగింపుగా జోష్న చినప్ప క్రీడాజీవితంపై ఒక పూర్తి వ్యాసం ప్రచురించండి. అలాగే లాస్ ఏంజెలెస్ క్రీడలు వచ్చేదాకా ఆగకుండా, ప్రపంచ టూర్‌లో మనవాళ్ల ఫలితాలను క్రీడా పేజీలో వారానికి ఒకసారైనా ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
నెల్లూరు.