కరవొక్కటే కారణమా?

సంపాదకుల వారికి,

వాతావరణ మార్పు వల్లే యుద్ధాలు పుడుతున్నాయన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. సిరియా అంతర్యుద్ధానికి ముందు అక్కడ నెలకొన్న తీవ్రమైన కరవును ఇందుకు ఉదాహరణగా చూపుతారు. అయితే 2022లో వెలువడిన ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదిక, సామాజిక, ఆర్థిక కారణాలతో పోలిస్తే ఘర్షణలపై వాతావరణ ప్రభావం తక్కువేనని పేర్కొంది.

బెంగళూరులో చిరకాలంగా ఉంటున్న తెలుగువాడిగా నాకూ ఆ నివేదిక మాటే సబబనిపిస్తుంది. తమిళనాడుకు కావేరి నీళ్లు వదలాలన్న సుప్రీంకోర్టు ఉత్తర్వుల దరిమిలా, 2016 సెప్టెంబరు 12న ఈ నగరంలో తమిళనాడు నంబరు ప్లేట్లున్న బస్సులను, లారీలను వెతికి మరీ తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒక ప్రాణం పోయింది. పలు ప్రాంతాల్లో కర్ఫ్యూ విధించారు. (ఆంధ్ర నంబరున్న నా స్కూటరును కూడా ఆ వారమంతా బయటికి తీయలేదు, గుంపుకు తేడా చెప్పేదెవరు?) ఆ రోజు మా కుళాయిలో నీళ్లు వస్తూనే ఉన్నాయి. 2024 వేసవిలో మాత్రం నగరంలో వేల బోర్లు ఎండిపోయాయి, మారతహళ్లిలో ట్యాంకర్ల కోసం పడిగాపులు కాశాం, ధర దగ్గర వాదులాడుకున్నాం. అయినా ఎవరూ బస్సులు తగలబెట్టలేదు.

కావేరి వివాదం ఎక్కువగా రాజుకునేది వానలు తప్పిన ఏళ్లలో అన్నది నిజమే. కానీ సుప్రీంకోర్టు 2018లో సాధారణ సంవత్సరానికి వాటాలు తేల్చినా, కొరత ఏడాదిలో ఎవరు ఎంత తగ్గించుకోవాలన్న సూత్రంపై రాష్ట్రాలకు ఏకాభిప్రాయం లేదు. జలాశయాలు నిండుగా ఉన్న సంవత్సరంలోనే కావేరి నీటి పంపకాన్ని పర్యవేక్షించే జల యాజమాన్య ప్రాధికార సంస్థ ఆ చర్చను ముగించాలి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు