టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ళు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను 2004లో మస్కట్ వెళ్ళి పద్నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. రూవీలో ఒక గదిలో నలుగురం, నాకు తప్ప ఎవరికీ తెలుగు రాదు. ఓ శుక్రవారం సెలవు రోజు దార్సైత్ కృష్ణుడి గుడి బయట చెప్పులేసుకుంటూ మా ఆవిడతో ఫోన్లో 'గాజువాక వెళ్ళొచ్చావా' అంటుంటే, వెనక నుంచి 'మనది విశాఖా బాబూ?' అని ఓ పెద్దాయన. వాళ్ళది నర్సీపట్నం వైపు. ఆ మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. తర్వాత నాకు ఇల్లు చూసిపెట్టింది, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఉగాదికి ఊరి నుంచి తెప్పించిన ఎండు వేపపువ్వు పొట్లం కట్టిచ్చింది అన్నీ ఆయనే. గల్ఫ్ కబుర్లు మీ పాఠకులకి కొత్త కాదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

అసలు సంగతి మన ఊరిది. ఆంధ్రా యూనివర్సిటీకి ఇథియోపియా లాంటి దేశాల నుంచి ఎన్నో ఏళ్ళుగా పిల్లలు చదువుకోడానికి వస్తున్నారు, మనం మాత్రం బీచ్ రోడ్డులో వాళ్ళని అడక్కుండా సెల్ఫీలు తీసుకుంటాం. కిందటేడు పెదవాల్తేరులో మా మేడ మీద పోర్షన్‌కి టులెట్ బోర్డు పెడితే ఇద్దరు ఇథియోపియా కుర్రాళ్ళు వచ్చారు. అప్పటికి పదకొండు ఇళ్ళు తిరిగారట, ఫోన్లో ఖాళీ ఉందన్నవాళ్ళే మొహం చూడగానే నిన్ననే ఇచ్చేశాం అన్నారట. మా ఆవిడ 'మనకెందుకొచ్చిన టెన్షన్' అంది. నిజం చెప్పొద్దూ, నేనూ ఓ పూట తటపటాయించాను, పద్నాలుగేళ్ళు పరాయి దేశంలో అద్దెకున్నవాణ్ణి, సిగ్గుండాలి. అందరి భయం పోలీసుల గొడవేమో అని. చివరికి ఇల్లిచ్చాం. ఆ కుర్రాళ్ళు దిగిన 24 గంటల్లోపు ఓనరు ఆన్‌లైన్‌లో పాస్‌పోర్టు, వీసా వివరాలు పెట్టాలి, నాకు రాక మా అబ్బాయితో చేయించాను.

ఓసారి వాళ్ళకి అరకు కాఫీ పచ్చి గింజలు తెచ్చిచ్చాను. కాఫీ పుట్టిల్లే వాళ్ళ దేశం, మన అరకులో పండే అరబికా మూలం కూడా అక్కడిదే. పెద్దవాడు ఆ గింజలు కడిగి, పెనం మీద నల్లగా వేయించి, పొగలొస్తున్న పెనాన్ని అందరి ముక్కు దగ్గరికీ తిప్పి, మా రోట్లో దంచి కాచాడు. అదే పొడితో మూడుసార్లు కాచి పోస్తారు, మొదటిది చిక్కన, మూడోది చారులా పల్చన, మధ్యలో లేచిపోతే మర్యాద కాదట. ఏం కాలిపోతోందోనని గోడ మీంచి తొంగిచూసిన పక్కింటాయన రెండో వాయికి మా మేడ మీదే ఉన్నాడు. వాళ్ళ ఇంజెరా కూడా మన పుల్లట్టుకి చుట్టమే, కాకపోతే ఒకవైపే కాలుస్తారు.

కాలనీ సంఘాలకి నేను చెప్పేదొకటే. చవితికి చందాలు పోగేసి మైకులు పెడతాం కదా, ఈసారి మీ వీధిలో ఉన్న ఈ పిల్లల్ని కూడా పందిట్లోకి పిలవండి, వాళ్ళ సంవత్సరాదీ సెప్టెంబర్‌లోనే వస్తుంది. యూనివర్సిటీ వాళ్ళు సాయంత్రాలు ఓ గంట తెలుగు మాట్లాడ్డం నేర్పిస్తే ఆటో బేరానికైనా పనికొస్తుంది. మావాళ్ళకి నేను నేర్పింది 'ఎంత', 'తగ్గించండి', 'చాలు', 'వద్దు' ఈ నాలుగు ముక్కలే. మొన్న రైతుబజారులో చిన్నవాడు టమాటాలామెతో 'అంత సీన్ లేదమ్మా' అన్నాడట, అది మాత్రం నేను నేర్పలేదు.

— ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం