యెషయా 9:6లో క్రియల గురించి అమ్మాయికి

తల్లీ,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, శిశువు పుట్టెను అనే ఆ వచనం హీబ్రూలో భవిష్యత్తు కాదంట నాన్నా, మరి మనం చదివేది తప్పా అని. రెండు ముక్కల్లో చెప్పేసే విషయం కాదు, అందుకే రాస్తున్నా. నువ్వు విన్నది నిజమే, కంగారు పడకు.

తెలుగు బైబిల్ తీసి యెషయా 9:6 మెల్లగా చదువు. "మనకు శిశువు పుట్టెను", అంటే అయిపోయింది. ఆ వెంటనే రాజ్యభారం "ఉండును", పేరు "పెట్టబడును", అంటే ఇక జరగాల్సినవి. క్రిస్మస్‌కి ఎంతమంది పిల్లలు కంఠస్థం చెప్తారో, మధ్యలో కాలం మారిపోయిందని పెద్దవాళ్ళం కూడా గమనించం. హీబ్రూలో అలా మారదు. పేరు దగ్గరున్న క్రియ వయ్యిక్రా, అంటే పిలిచాడు, పేరు పెట్టాడు అని, సరిగ్గా ఇదే రూపం ఆదికాండం 1:5లో ఉంది, దేవుడు వెలుగుకి పగలని "పేరు పెట్టెను" అన్నచోట. లేవీయకాండం మొదటి మాట కూడా ఇదే, అక్కడ మోషేని పిలవబోతాడు అని ఎవరూ చదవరు.

ఇంకోటి, అది పెట్టబడును కాదు, పెట్టాడు. మరి ఎవరు పెట్టారు? కర్త ఎవరో తేల్చుకోవాల్సింది చదివేవాళ్ళే. ఫ్రాన్స్‌లో 11వ శతాబ్దపు యూదు పండితుడు రాషీ ఏమన్నాడంటే, ఆశ్చర్యకరుడు, బలవంతుడైన దేవుడు, నిత్యుడగు తండ్రి ఇవన్నీ పేరు పెట్టిన దేవుడివి, బిడ్డకి పెట్టిన పేరు సమాధానకర్తయగు అధిపతి ఒక్కటే, ఆ బిడ్డ యూదా రాజు హిజ్కియా అని. ఒక్క కర్త మారితే వచనమంతా మారిపోయింది చూడు!

అలాగని మనవాళ్ళు కావాలని మార్చారనుకోకు. పాత హీబ్రూ రాతలో గుణింతాలు లేకుండా అక్షరాలు మాత్రమే ఉన్నట్టు ఉండేది, అచ్చుల గుర్తులు మసోరా పండితులు, అంటే హీబ్రూ బైబిల్ పాఠాన్ని జాగ్రత్తగా కాపాడిన యూదు పండితులు, శతాబ్దాల తర్వాత పెట్టారు. అవే అయిదు అక్షరాల్ని వేరే అచ్చులతో పలికితే "పిలవబడును" అవుతుంది. ఆ గుర్తులు రాకముందే, 400 ప్రాంతంలో, బైబిల్‌ని లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ అలాగే "పిలవబడును" అని రాశాడు, కానీ రాజ్యభారం దగ్గర మాత్రం గతకాలమే ఉంచాడు. పైగా ప్రవక్తలు జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం కూడా ఉంది, వ్యాకరణ పుస్తకాల్లో దానికి యెషయా 5:13 చూపిస్తారు.

ఇది యేసు గురించే అని నా నమ్మకం, అందులో మార్పు లేదు. కానీ ఆ నమ్మకం నాకు క్రియ నుంచి రాలేదు, సువార్తల నుంచి వచ్చింది. హిజ్కియా అని చదివేవాళ్ళది మొండితనం అనడం అన్యాయం తల్లీ, వాళ్ళు అక్కడున్న క్రియని ఉన్నట్టే చదువుతున్నారు. సండే స్కూల్లో పిల్లలకి ఈ సంగతి చెప్పకుండా దాటెయ్యడం నాకస్సలు నచ్చదు.

తీరిక దొరికితే 53వ అధ్యాయం తీసి క్రియల కింద పెన్సిల్‌తో గీతలు గీసుకో, అక్కడా చాలావరకు గతకాలమే, ఎక్కడెక్కడ మారుతుందో రాసి పంపు.

మీ నాన్న